సంసారానికో శత్రువు

మా ఇంట్లో నలుగురం ఉంటాం. నేను, మా ఆవిడ, హాల్లో నాలుగడుగుల అద్దాల తొట్టిలో సర్పంచిగారు, ఆయన భార్య. ఈ నలుగురిలో సొంతిల్లు ఉన్నది చివరి ఇద్దరికే. మేమిద్దరం మారతహళ్లిలో పది నెలల అడ్వాన్సు కట్టి అద్దెకుంటున్నాం.

బెంగళూరులో స్థలం కొన్నవాడు అది కాగితాలన్నీ సక్రమంగా ఉన్న ఏ ఖాతానా, లొసుగులున్న బి ఖాతానా అని తేల్చుకునేసరికి జుట్టు నెరుస్తుంది. సర్పంచిగారు మా ఇంటికొచ్చిన మొదటి రాత్రే మట్టి పూలకుండీ వెనక గోతులు తవ్వి, గులకరాళ్లను ఒక్కొక్కటే నోట కరుచుకెళ్లి గట్టు వేసి, సర్వే, రిజిస్ట్రేషను, ప్రహరీ అన్నీ తెల్లారేలోగా ముగించారు. మనిషి, అంటే చేప, జానెడు కూడా ఉండడు. సిక్లిడ్ కుటుంబంలో కాన్విక్ట్ అనే రకం. పుట్టిల్లు మధ్య అమెరికా. ఒంటినిండా ఖైదీ చొక్కాలాంటి నల్ల చారలు, ఆ పేరు వాటివల్ల వచ్చిందే. నేను మాత్రం వేషం చూసి ఖైదీ అనను, చేసే పని చూసి సర్పంచి అంటాను.

శివాజీనగర్‌లో కొన్నప్పుడు జంటగా పెంచితే ముచ్చటగా ఉంటుందని ఆశపడ్డాను. ఆడచేపను గుర్తుపట్టడం తేలికే, దాని పొట్ట మీద నారింజ రంగు మెరుస్తుంది. వేరే చేపలెందుకు, దంపతులకు ఏకాంతం ఉండాలని తొట్టి మొత్తం వాళ్లకే వదిలేశాను. కొత్త జంటను వేరు కాపురం పెట్టించిన పెద్దమనిషిలా రెండ్రోజులు మురిసిపోయాను కూడా. మూడోనాటికి ఆవిడ తోక చిరిగిపోయి ఉంది. ఫిల్టరు గొట్టం వెనక, నీటి పైఅంచున ఓ మూల నక్కి, మొప్పలు గబగబా ఆడిస్తూ నిలబడింది. కింద ఆయన గస్తీ.

అప్పుడు నా చదువు అక్కరకొచ్చింది. కాన్రాడ్ లోరెంజ్ అని ఆస్ట్రియా పెద్దాయన, జంతువుల నడతను పరిశీలించి 1973లో నోబెల్ పంచుకున్నవాడు. ఆయన సిక్లిడ్‌ల కాపురాలను దగ్గరుండి చూశాడు. జంటను ఒంటరిగా పెడితే మగచేప పెళ్లాన్ని తరుముతుంది. అదే తొట్టిని అద్దంతో రెండు వాటాలు చేసి పక్క వాటాలో ఇంకో జంటను పెడితే, కోపమంతా పక్కింటి మీదికి పోయి సొంతింట్లో శాంతి నెలకొంటుంది. మధ్య అద్దానికి నాచు పట్టి అవతలివాళ్లు కనబడకపోతే మళ్లీ పెళ్లానికి మూడినట్టే. నాచు తుడిస్తే రెండు కాపురాలూ చల్లబడతాయి.

ఇంత గొప్ప సంగతి మన పెళ్లి పంతుళ్లకు తెలియకపోవడం దేశ దౌర్భాగ్యం. జాతకాలు చూస్తారు, గుణాలు లెక్కేస్తారు, పక్కింటివాడు ఎలాంటివాడో మాత్రం ఒక్కరూ అడగరు.

నేను వెంటనే తొట్టికి అద్దం అడ్డం పెట్టించి, అవతల ఓ జాక్ డెంప్సీని దింపాను. 1919 నుంచి 1926 దాకా ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్‌గా ఉన్న అమెరికా బాక్సర్ పేరది. చేప మొహం, స్వభావం రెండూ అలాంటివే. దాన్ని చూడగానే సర్పంచి దంపతులు భుజం భుజం కలిపి, మొప్పలు విప్పార్చి, అద్దానికి ముక్కులు ఆనించి తిట్టడం మొదలెట్టారు. వారం తిరక్కుండానే పూలకుండీలో గుడ్లు. ఆవిడ రెక్కలతో గుడ్లకు విసురుతూ కూర్చుంటే ఆయన సరిహద్దు కాచాడు. మూడు రోజులకు గుడ్లు పగిలాయి. తోకలాడించడం తప్ప ఈదడం రాని ఆ నలుసులను నోట్లో పెట్టుకుని, ముందే తవ్విపెట్టిన గుంటలోకి చేర్చారు. ఇంకో నాలుగైదు రోజులకు పిల్లలన్నీ పొగమబ్బులా లేచి ఈదాయి. దారి తప్పినదాన్ని తండ్రి చప్పున నోట్లోకి లాక్కుని గుంపులో ఉమ్మేశాడు. అడుగు శుభ్రం చేద్దామని గొట్టం పట్టుకుని చెయ్యి పెట్టానా, నా వేలు పీకాడు. నేను మేత వేసేవాణ్ణన్న విశ్వాసం లేదు.

ఇక నీళ్ల సంగతి. వారం వారం పావువంతు నీళ్లు మార్చాలి, అంటే అయిదు బకెట్లు. 2024 మార్చిలో ఊరంతా ట్యాంకర్ల వెంట పరిగెడుతున్నప్పుడు, తాగే నీళ్లతో కార్లు కడిగినా తోటలు తడిపినా అయిదువేలు జరిమానా అన్నారు. చేపల కాపురం మాట నేనెక్కడా చదవలేదు. కాబట్టి చట్టాన్ని గౌరవిస్తూ నా స్నానం బకెట్ ఆయనకిచ్చి, నేను ఆఫీసులో మొహం కడుక్కున్నాను. తొట్టిలోంచి తీసిన నీళ్లు కరివేపాకు మొక్కకు పోశాం. అది మాత్రం మా అందరికన్నా ఏపుగా ఉంది.

భీమవరం నుంచి మా నాన్న వచ్చాడు. చెరువుల్లో బొచ్చె, శీలావతి పెంచి మమ్మల్ని చదివించినవాడు. తొట్టి ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"మేతకెంతవుద్దిరా?"

"నెలకి అయిదొందలు నాన్నా."

"కిలో ఎంత పలుకుద్ది?"

"వీటిని తినరు నాన్నా."

కాసేపు మాట్లాడలేదు. "మరి మేతెందుకు?" అన్నాడు. కేరళవాళ్లు అరిటాకులో చుట్టి కాల్చే కరిమీనూ ఈ కుటుంబంలోదేనని చెబుదామనుకుని మానేశాను. పులుసు ప్రస్తావన వస్తుందని భయం.

లెక్కపెడితే నూట యాభై పిల్లలు తేలాయి. అమ్మిన షాపువాడి దగ్గరికి పట్టుకెళ్తే, కాన్విక్ట్ పిల్లలని తెలిసి, ఎదురు డబ్బులిచ్చినా వద్దని దణ్ణం పెట్టాడు. ఆవకాయ పంచినట్టు పంచుదామని తెలిసినవాళ్ల ఇళ్లకు ప్లాస్టిక్ కవర్లతో బయల్దేరాను. మూడో ఇంటికల్లా తలుపులు తీయడం మానేశారు. చెరువులో వదిలెయ్యమని సలహా ఇచ్చినవాడితో మాటలు మానుకున్నాను. 1952లో తెచ్చిన తిలాపియా, ఇదీ సిక్లిడే, మన చెరువుల్ని ఎలా కబ్జా చేసిందో చూస్తున్నాం. కబ్జాదారులకు ఈ ఊళ్లో కొదవా?

ఇంతకీ మా కాపురం సంగతి చెప్పలేదు. మూడేళ్లు మేమిద్దరం అన్యోన్యంగా ఉన్నాం. ఎదురు ఫ్లాటాయన మా పార్కింగు గీత మీద స్కూటరు పెట్టేవాడు. రోజూ రాత్రి భోజనాల దగ్గర ఆయన్ని కలిసి తిట్టుకునేవాళ్లం. ఆవిడ ఎత్తుకుంటే నేను అందుకునేవాణ్ణి, నేను ఆగితే ఆవిడ పూర్తిచేసేది. పోయిన నెల ఆయన ఖాళీ చేసి వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి నా తడి తువ్వాలు, చేపల ఖర్చు, మా అమ్మ ఫోన్లు అన్నీ ఒక్కసారిగా చర్చకొచ్చాయి. వారం రోజులుగా నేను హాల్లో, తొట్టి పక్కన పడుకుంటున్నాను.

నిన్న సాయంత్రం ఎదురు ఫ్లాట్లోకి కొత్తవాళ్లు దిగారు. సామాన్లలో డ్రమ్స్ సెట్ ఒకటి కనిపించింది. ఇవాళ పొద్దున లేచి చూస్తే మా ఆవిడ పాత పేపరు తడిపి, అటువైపు కిటికీ అద్దం శ్రద్ధగా తుడుస్తోంది.