జెల్లీకి తగిలిన దిష్టి

పైడితల్లి జాతరలో సిరిమాను తిరిగే మంగళవారం విజయనగరంలో ఏ ఇల్లు చూసినా చుట్టాలే. ఆ ఇంట్లో కోడలు లీటరు పాలతో చైనా గ్రాస్ (సముద్రపు నాచు నుంచి తీసే అగర్) జెల్లీకి దిగింది. లీటరుకి 10 గ్రాములు చాలు. ‘‘పదిమందిలో కారిపోతే పరువేటవుద్ది?’’ అని అత్తగారు 20 వేయించింది. తెల్లారేసరికి గిన్నెలో జెల్లీ బిర్రబిగుసుకుంది. పెద్ద మావగారు ‘‘గట్టిపడిందేటో సూద్దారి’’ అంటూ అంచున చెంచా మొన దించి, ‘‘బెమ్మాండం’’ అని తేల్చారు.

పళ్లెం మీదికి గిన్నె వంచారు. జెల్లీ సగం బయటికొచ్చింది. ‘‘ఉండండుండండి, ఫొటో!’’ అన్నారెవరో. అందరూ నవ్వు మొహాలు పెట్టేలోగా చెంచా దిగినచోటే బీట మొదలై ఈ కొసనుంచి ఆ కొసకి పాకింది. సగం పళ్లెంలో, సగం గిన్నెలో.

‘‘దిష్టి’’ అన్నారొకరు. ‘‘పాలోడు నీలు కలిపీసినాడు’’ అంది అత్తగారు. చెంచాని ఎవరూ అనుమానించలేదు.

బట్టల కొట్టువాడు అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి తానంతా చర్రున చింపుతాడే, ఇదీ ఆ లెక్కే. జెల్లీ అంతా పంచుకోవాల్సిన లాగుడు గాటు మొన దగ్గర పోగవుతుంది. చైనా గ్రాస్ జెల్లీ అంటే నీళ్ళని పట్టుకున్న గొలుసుల వల. ఆ గొలుసులు జంటలుగా మెలిపడి, ఆ మెలికలు కట్టలుగా చేరి నిలబడతాయి. గాటు దగ్గర మెలికలు ఒక్కొక్కటే వదిలేస్తూ బరువు పక్కవాటి మీదికి నెడతాయి. అందుకే వంచగానే కాకుండా ఫొటో దాకా ఆగి మరీ విరిగింది. చైనా గ్రాస్ రెట్టింపు చేస్తే బిగువు పెరిగింది గానీ సాగే గుణం పెరగలేదు. 2003లో జపాన్‌లోని హొక్కైడో విశ్వవిద్యాలయం వాళ్ళు బిగువు వల ఒకటి, వదులు వల ఒకటి కలిపి, 90 శాతం నీళ్ళున్నా తేలిగ్గా చిరగని జెల్ చేశారు. బిగువు వల ముందు తెగుతూ దెబ్బ తను తింటుంది, వదులుది పట్టుకునుంటుంది. పండక్కి వడ్డించే సరుకు కాదనుకోండి.

చైనా గ్రాస్‌లో సుగుణమేంటంటే, 85 డిగ్రీలు దాటితే మళ్ళీ కరుగుతుంది. కోడలు ముక్కలన్నీ గిన్నెలోకెత్తి, ఇంకో లీటరు వేడిపాలు పోసి, ఉండ లేకుండా కరిగేదాకా మరిగించింది. 20 గ్రాములకి 2 లీటర్లు, లెక్క కుదిరింది. నురగ తీసి పోసింది, లేకపోతే బుడగలే గాట్లవుతాయి. గడ్డకట్టాక గిన్నె అడుగు గోరువెచ్చటి నీళ్ళలో కాసేపుంచి, తడివేలితో అంచు చుట్టూ వదులుచేసి గాలి దూరనిచ్చింది. పళ్లెం గిన్నెకి ఆనించి, వేలాడనివ్వకుండా ఒక్కసారే బోర్లించింది. జెల్లీ చెక్కుచెదరకుండా దిగింది.

‘‘సూసినారా, ఈ పాలు మంచివి’’ అంది అత్తగారు.