పటకారు పట్టిన ప్రతినిధి

మొన్న ఇక్కడ అమెరికాలో మా సంఘం వేడుకకి ఇక్కడి ప్రజాప్రతినిధి ఒకాయన వచ్చారు. దీపప్రజ్వలన, శాలువా, జ్ఞాపిక, ఆ తర్వాత నలభై నిమిషాల పాటు ఫొటోలు. కూచిపూడి పిల్లలు గజ్జెలు కట్టుకుని తెర వెనక అలాగే నిలబడి ఉన్నారు. ఆయన్ని ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. నేనూ అడగలేదు. వరసలో నాలుగో ఫొటో నాదే. ఇంటికొచ్చాక మాథ్యూ లయన్ గుర్తొచ్చి కొంచెం సిగ్గేసింది.

ఎవరీ లయన్? 1764 ప్రాంతంలో ఐర్లండ్‌లోని విక్లో నుంచి ఓడెక్కిన కుర్రాడు. వయసు పదిహేనేళ్లు కాస్త అటూ ఇటూ. ఓడ ఖర్చుకి డబ్బుల్లేవు కాబట్టి దిగాక కొన్నేళ్లు చాకిరీ చేసి తీర్చుకోవాలి. పాలేరుతనం తెలిసిన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకి ఇంతకంటే వివరించనక్కర్లేదు. కనెక్టికట్‌లో ఒక యజమాని ఇతని ఒప్పందాన్ని ఇంకొకరికిచ్చి బదులుగా జత ఎద్దులు తీసుకున్నాడని చెప్తారు. "నన్ను విడిపించిన ఎద్దుల మీద ఒట్టు" అనడం తర్వాత ఇతనికి ఊతపదమైందట. పోలిక సరికాదని తెలుసు గానీ, మనవాళ్లు కంపెనీ మారుతూ వీసా ట్రాన్స్‌ఫర్ గురించి మాట్లాడుకుంటుంటే నాకు ఆ ఎద్దులే కళ్లముందు కదులుతాయి.

1774లో ఇప్పటి వెర్మాంట్ కొండల్లోకి వెళ్లాడు. స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడాడు, మధ్యలో సైన్యం నుంచి అవమానకరంగా పంపేయించుకున్నాడు కూడా. 1783లో ఫెయిర్ హేవెన్ అనే ఊరికి పునాది వేశాడు. కోత మిల్లు, పిండి మర, ఇనుము కొలిమి పెట్టాడు. కాగితం మిల్లు పెట్టి చెట్టు బెరడుతో కాగితం చేయించాడు. కాగితం ఉన్నాక ఊరుకుంటాడా, పత్రిక పెట్టించాడు. వెర్మాంట్ తొలి గవర్నర్ థామస్ చిటెండెన్ కూతుర్ని రెండో పెళ్లి చేసుకున్నాడు. అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌కి పోటీచేసి మళ్లీ మళ్లీ ఓడి, చివరికి 1797లో అప్పటి రాజధాని ఫిలడెల్ఫియాలో ప్రతినిధుల సభ మెట్లెక్కాడు.

అప్పట్లో ఒక ఆనవాయితీ ఉండేది. అధ్యక్షుడు సభకొచ్చి ప్రసంగిస్తాడు. దానికి సభ జవాబు రాసుకుని, సభ్యులంతా స్పీకర్ వెంట ఊరేగింపుగా అధ్యక్షుడి ఇంటికెళ్లి చదివి వినిపిస్తారు. 1797 జూన్‌లో లయన్ లేచి, నేను ఆ ఊరేగింపుకి రాను, మినహాయించండి అన్నాడు. సభ నవ్వింది. పోతే పోనీ, ఇలాంటివాడు రాకపోతేనే మంచిది అన్న ధోరణిలో వెటకారాలు చేసింది. నాలుగేళ్ల తర్వాత జెఫర్సన్ అధ్యక్షుడై వచ్చి, స్వయంగా ప్రసంగించడం మానేసి సందేశం రాసి పంపడంతో ఆ తంతే ఆగిపోయింది. అప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు.

ఇతన్ని ఆకాశానికెత్తే ఉద్దేశం నాకు లేదు. 1798 జనవరి 30న సభలోనే రోజర్ గ్రిస్‌వల్డ్ అనే కనెక్టికట్ సభ్యుడు సైన్యం నాటి అవమానాన్ని ఎత్తి, పిరికితనానికి గుర్తైన చెక్క కత్తితో పోరాడతావా అని గుచ్చితే, లయన్ అతని ముఖాన ఉమ్మాడు. బహిష్కరించాలని ఓటు పెడితే 52 మంది అవునన్నారు, 44 మంది కాదన్నారు. మూడింట రెండొంతులు రాలేదు కాబట్టి బతికిపోయాడు. ఫిబ్రవరి 15న గ్రిస్‌వల్డ్ చేతికర్రతో వచ్చి, కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే బాదాడు. లయన్ నిప్పుగూటి దగ్గరున్న పటకారు అందుకున్నాడు. ఇద్దరూ నేలమీద పడి దొర్లారు. మన అసెంబ్లీల్లో మైకులు విరిచిన దృశ్యాలు చూసి తలదించుకునేవాళ్లకి ఇది కాస్త ఊరట!

ఆ వేసవిలోనే అసలు కథ. అధికారంలో ఉన్న ఫెడరలిస్టు పార్టీవాళ్లకి వలస వచ్చినవాళ్లంటే పడేది కాదు. లయన్ వాళ్లకి ఎదురుపక్షం. అంతకు ముందు ఏడాదే హారిసన్ గ్రే ఓటిస్ అనే సభ్యుడు, అడవి ఐరిష్ మూకల్ని పిలిచి నెత్తిన పెట్టుకోలేం, పౌరసత్వ పత్రానికి ఇరవై డాలర్ల పన్ను వేద్దాం అని వాదించాడు. 1798 జూన్‌లో పౌరసత్వానికి ముందు దేశంలో ఉండాల్సిన గడువు 5 ఏళ్ల నుంచి 14కి పెరిగింది. (1802లో మళ్లీ 5 చేశారు.) ఆ లెక్కలేవీ మనకి వర్తించవనుకోండి. 1790 చట్టమే స్వేచ్ఛ గల తెల్లవాళ్లకు మాత్రమే అని రాసుకుంది. 1923లో, పౌరసత్వం కోరిన పంజాబీ వలసదారు భగత్ సింగ్ తింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు అదే మాట భారతీయులకి చెప్పింది. 1946 దాకా ఆ తలుపు తెరుచుకోలేదు. లయన్ మన కోసం పోరాడాడని నేననను.

జూలై 14న ప్రభుత్వాన్ని దూషిస్తూ రాస్తే జైలు అనే చట్టం వచ్చింది. అధ్యక్షుడు జాన్ ఆడమ్స్‌కి ఆడంబరాల దాహం, పొగడ్తల మోజు, స్వార్థం అని లయన్ రాసిన ఉత్తరం ఒకటి ఆ నెలాఖరున అచ్చయింది. చట్టానికి ముందే రాశాను మహాప్రభో అన్నా వినలేదు. అక్టోబర్‌లో రట్లండ్‌లో విచారణ. సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం ప్యాటర్సన్ విన్నాడు. ఈ చట్టమే రాజ్యాంగ విరుద్ధమని లయన్ వాదిస్తే, అది మీరు తేల్చాల్సింది కాదని న్యాయమూర్తి జ్యూరీకి చెప్పాడు. నాలుగు నెలల జైలు, వెయ్యి డాలర్ల జరిమానా, పైన ఖర్చులు 60 డాలర్ల 96 సెంట్లు.

రట్లండ్‌లోనే జైలుండగా దూరాన వర్జెన్స్‌కి తీసుకెళ్లి, 16 అడుగుల పొడవూ 12 అడుగుల వెడల్పూ ఉన్న గదిలో పెట్టారు. అక్కడి చలి గురించీ కంపు గురించీ ఉత్తరాల్లో రాశాడు. కొండల్లోని పాత సావాసగాళ్లు జైలు పడగొడతామంటూ బయల్దేరబోతే వద్దన్నాడు. పటకారు పట్టినవాడే ఈ మాట అన్నాడు, ఎన్నికలు ఉన్నాయి కదా అని. డిసెంబర్ ఎన్నికలో దగ్గరి పోటీదారుకంటే దాదాపు రెట్టింపు ఓట్లతో జైల్లోంచే గెలిచాడు. జరిమానా చందాలతో కట్టారు. 1799 ఫిబ్రవరి 9న బయటికొస్తూనే, "నేను ఫిలడెల్ఫియా సభకి వెళ్తున్నాను" అని అరిచాడు. సభకి వెళ్లే సభ్యుణ్ణి దారిలో అరెస్టు చేయకూడదు మరి! మళ్లీ బహిష్కరించబోయారు, మళ్లీ ఓట్లు చాల్లేదు.

1801లో అధ్యక్ష పదవికి జెఫర్సన్‌కీ ఆరన్ బర్‌కీ సమానంగా ఓట్లొచ్చి నిర్ణయం సభకి వచ్చింది. అక్కడ రాష్ట్రానికి ఒక్క ఓటే. వెర్మాంట్‌కి ఇద్దరే ప్రతినిధులు, చెరోవైపు, కాబట్టి 35 సార్లు ఆ రాష్ట్రం ఓటు చెల్లలేదు. ఫిబ్రవరి 17న, 36వ సారి, రెండోవాడు తప్పుకోవడంతో వెర్మాంట్ ఓటు లయన్ ఒక్కడి చేతిలో పడి జెఫర్సన్‌కి వెళ్లింది. ఆడమ్స్ తర్వాతి అధ్యక్షుణ్ణి తేల్చిన ఓట్లలో ఆడమ్స్ హయాంలో జైలుకెళ్లినవాడిది ఒకటి. ఆ రోజే కదిలిన ఇంకో రాష్ట్రం మేరీలాండ్. అక్కడే 2023లో మన కాట్రగడ్డ వారి ఆడపడుచు అరుణా మిల్లర్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా ప్రమాణం చేశారు. అంతకుముందు ఆవిడ మాంట్‌గొమరీ కౌంటీ రవాణా శాఖలో ఇంజినీరు. రోడ్ల లెక్కలు చూసి ఆ దారిన వచ్చిన మనిషి.

తర్వాత లయన్ కెంటకీ వెళ్లి అక్కణ్ణుంచి 1803 నుంచి 1811 దాకా కాంగ్రెస్‌లో ఉన్నాడు. డెబ్బై దాటాక ఆర్కన్సాలో కూడా పోటీచేసి ఓడాడు. 1822లో అక్కడే పోయాడు. 1840లో కాంగ్రెస్ ఆ 1060 డాలర్ల 96 సెంట్లు వడ్డీతో సహా వారసులకి తిరిగిచ్చింది.

మన పిల్లలకి వాషింగ్టన్ చెర్రీ చెట్టు కథ చెప్తాం. లయన్‌ని చెప్పం, ఎందుకంటే మనం వాళ్లని పెంచేదే గొడవల్లోకి వెళ్లకు, కింద సంతకం పెట్టకు, గ్రీన్‌కార్డు రానీ అంటూ. ఆ భయం ఉత్తదేం కాదు. ఒక్కో దేశానికి ఏడు శాతం గ్రీన్‌కార్డులే అనే కోటాలో పదేళ్లకి పైగా క్యూలో ఉన్నవాళ్లని నేను తప్పుపట్టను. నేనడుగుతున్నది ఓటు చేతికొచ్చిన మాలాంటివాళ్లని. ఊరేగింపులో నడవడమే రాజకీయం అని మనం ఎప్పుడు అనుకున్నాం?

వచ్చే వేడుకకి ఫొటోల సమయం సగం తగ్గించి, అతిథిని కుర్చీలో కూర్చోబెట్టి ఇరవై నిమిషాలు ప్రశ్నలడుగుదామని కార్యవర్గానికి రాశాను. మరునాడే ఫోనొచ్చింది. "మంచి ఆలోచనేనండీ, కానీ అడిగితే ఆయన మళ్లీ రారేమో" అన్నారు. రాకపోతే పిల్లల డాన్సు సమయానికి మొదలవుతుంది కదండీ అన్నాను.