సవరణ: ఆల్బెర్టీ బేస్ వరుస
ఆదివారం పియానోపై ఎడమచేతి వాయింపు గురించి రాస్తూ, కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) స్వరాలను ఒక్కొక్కటిగా తిప్పి వాయించే ఆల్బెర్టీ బేస్‌ను సి-ఇ-జి-ఇ అన్నాను. తప్పు. సరైన వరుస సి-జి-ఇ-జి: కింది స్వరం, పైది, మధ్యది, మళ్లీ పైది. వేళ్లు 5-1-3-1 (1 బొటనవేలు, 5 చిటికెనవేలు). నేను రాసింది మామూలుగా విడగొట్టిన కార్డ్. వినడానికి బాగానే ఉంటుంది, కానీ ఆ పేరు దానిది కాదు. మొజార్ట్ 1788 నాటి సి మేజర్ సొనాటా, కె. 545 (మొజార్ట్ రచనల జాబితాలో దాని సంఖ్య), మొదటి బారులోనే అసలు వరుస కనిపిస్తుంది.

ఎంవీపీ కాలనీలో నా దగ్గర నేర్చుకునే పాప నిన్న నేను రాసినట్టే వాయించి, చటుక్కున ఆగి, "పుస్తకంలో ఇలా లేదు మేడమ్" అంది. తనకీ, అలాగే సాధన చేసినవాళ్లందరికీ క్షమాపణలు.

ఇంకోమాట: బొటనవేలు రెండుసార్లు పడుతుంది కాబట్టి దాన్ని తేలిగ్గా ఆనించండి, లేకపోతే కుడిచేతి రాగం మునిగిపోతుంది. తాళంచెవి తిప్పినట్టు ముంజేయి కొద్దిగా తిరగాలి.