ఇంటిగ్రల్ గారూ, ఆ నాలుగు మార్కుల సంగతి మాట్లాడుకుందాం

మహారాజశ్రీ ఇంటిగ్రల్ గుర్తు గారికి,

బీటెక్ మ్యాథ్స్-2, మా భాషలో ఎం-టూ, సప్లీ ఫీజు కట్టిన విద్యార్థి నమస్కరించి రాసుకునేది. ఇక్కడ అందరూ క్షేమం, నేను తప్ప. మీరు క్షేమమేనని నాకు తెలుసు. మొన్న జిరాక్స్ షాపులో ఇంపార్టెంట్స్ కట్ట కొంటే అందులో మీరు లేని పేజీ ఒక్కటే కనపడింది, అది షాపు వాళ్ళ ఫోన్ నంబరు అచ్చేసిన అట్ట.

"మీరు", "గారు" అంటున్నానని పొంగిపోకండి. మా బ్యాచ్‌కు 75 మార్కుల పేపర్‌లో 26 వస్తే పాస్. నాకు 22 వచ్చాయి. ఫస్టియర్ సెకండ్ సెమ్‌లో మిగతా సబ్జెక్టులన్నీ ఏదోలా గట్టెక్కాయి, ఇంగ్లిష్ జాలిపడింది, ల్యాబులు ముఖం చూసి వేసేశాయి, మీరొక్కరే మొండికేశారు. అందుకే ఈ ఉత్తరం.

మన పరిచయం మీకు గుర్తుండకపోవచ్చు. ఇంటర్ సెకండియర్, మ్యాథ్స్ 2బీ, పొద్దున ఐదున్నర స్టడీ అవర్. బోర్డు మీద మిమ్మల్ని మొదటిసారి గీయగానే నా పక్కవాడు "మటన్ కొట్టులో కొక్కెంలా ఉందిరా" అన్నాడు. ఆ తర్వాత మీ గురించి ఎంత గొప్పగా చెప్పినా నాకు కొక్కెమే కనపడింది, దానికి వేలాడుతున్నది నేనే అన్నట్టు ఉండేది. మీరు సాగదీసిన ఎస్ అని, 1675 అక్టోబర్ 29న లైబ్నిజ్ అనే గణితవేత్త తన కాగితాల్లో మిమ్మల్ని మొదటిసారి గీశాడని చాలా ఆలస్యంగా తెలిసింది. అంతకు ముందు ఆయన "ఓమ్నియా" అనే లాటిన్ మాటను కుదించి రాసుకునేవాడట, అది కూడా పొడుగనిపించి, మొత్తం అనే అర్థమున్న "సుమ్మా"లోంచి మొదటి అక్షరం తీసుకుని నిలువుగా లాగాడట. అంటే మీరు పుట్టిందే రాతపని తగ్గించడానికి. నేను నాలుగు అడిషనల్ షీట్లు తీసుకున్న రోజు ఈ సంగతి తెలిసుంటే హాల్లోనే నవ్వేవాణ్ణి.

ఇంటర్‌లో మన మధ్య గొడవలేమీ లేవు, ఎందుకంటే మేం మిమ్మల్ని కలవనేలేదు. మేం రాసిన ఇంజినీరింగ్ ఎంట్రన్స్ ఎంసెట్‌లో 160 ప్రశ్నలకు 80 మ్యాథ్సే, మొత్తానికి ఉన్నది 180 నిమిషాలు, ఆ తొందరలో ఎవడు కూర్చుని ఇంటిగ్రేట్ చేస్తాడు? కింద నాలుగు ఆప్షన్లు ఉంటాయి కదా, వాటిని డిఫరెన్షియేట్ చెయ్యండి, అంటే ఇంటిగ్రేషన్‌కు ఉల్టా పని, ఏది పైనున్న లెక్కకు సరిపోతే దాన్ని పెట్టేయండి అని మా సార్ కిటుకు చెప్పారు. వాకిట్లో కుక్కుందని దొడ్డిదారిన వచ్చిపోయే చుట్టంలా ఏడాది పొడుగునా మీ ఇంట్లోకి వెనక గుమ్మంలోంచే తిరిగాను. ర్యాంకు వచ్చింది, సీటు వచ్చింది, ఊళ్ళో స్వీట్లు కూడా పంచారు. తీరా బీటెక్ పేపర్ చేతిలోకొస్తే ప్రశ్న కింద ఆప్షన్లు లేవు, తెల్ల బుక్‌లెట్ ఉంది. వెనక గుమ్మం ఎవరో గోడ కట్టి మూసేసినట్టయింది.

ఎం-టూలో మీరు ఒంటరిగా రావడం మానేశారు. డబుల్ అని ఇద్దరు, ట్రిపుల్ అని ముగ్గురు, వరసగా కొక్కేలు. ఎక్స్, వైలలో ఏది ముందు ఏది వెనక అన్న ఆర్డర్ మార్చమంటారు. పటం గీయాలి, నిలువు స్ట్రిప్పు తీసేసి అడ్డ స్ట్రిప్పు వేయాలి, లిమిట్లు మార్చాలి. దీంట్లో ఒక లెక్క ఉంది, మీకు తెలిసిందే, రెండు పారాబోలాలు ఒకదాన్నొకటి కోసుకుని మధ్యలో వేపాకులా ఒక ముక్క మిగులుతుంది, దాని జవాబు 16 ఏ స్క్వేర్ బై 3. ఈ జవాబు మా కాలేజీలో తెలియనివాడు లేడు, క్యాంటీన్ అన్నను నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. మధ్యలో ఏం జరుగుతుందో మాత్రం ఎవరికీ తెలియదు. అందుకని పైనుంచి నాలుగు స్టెప్పులు, కిందనుంచి రెండు స్టెప్పులు రాసుకుంటూ వచ్చి, మధ్యలో "సింప్లిఫై చేయగా" అని వంతెన కట్టేస్తాం. నన్ను బాధపెట్టింది ఇంకొకటి. ఇదే వేపాకు వైశాల్యం ఇంటర్ 2బీలో ఒకే ఒక్క కొక్కెంతో వచ్చేది, అక్కడ ఏ, బీ అని రెండక్షరాలుండేవి, జవాబు 16 ఏబీ బై 3. పాత ఇంటికే రెండో తలుపు పెట్టి కొత్త ఇల్లని అమ్మారు, మేం కొన్నాం.

చివరి యూనిట్‌లో ఏకంగా నడుం చుట్టూ సున్నా తగిలించుకుని (∮) వచ్చారు. నాకు రాబోయే మార్కు ముందే చూపించారన్నమాట.

ఆ సున్నా ఇంట్లోనే స్టోక్స్ థియరమ్ ఉంటుంది, ఒక ఉపరితలం మీద చేసే లెక్కను దాని అంచు చుట్టూ తిరిగే లెక్కగా మార్చేది. దీని పుట్టుక చదివాక నాకు కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. కెల్విన్ అని తర్వాత పేరొచ్చినాయన 1850లో స్టోక్స్‌కు రాసిన ఉత్తరంలో ఈ సంగతి ప్రస్తావించాడు. స్టోక్స్ ఏం చేశాడంటే, 1854లో కేంబ్రిడ్జ్‌లో స్మిత్ ప్రైజ్ పరీక్షకు పేపర్ సెట్ చేస్తూ దాన్నొక ప్రశ్నగా పెట్టేశాడు. ఆ థియరమ్ మొదట అచ్చులో కనపడింది ప్రశ్నపత్రంలోనే! మామూలుగా ఏదైనా విషయం పుట్టి, పెరిగి, పాతబడ్డాక పరీక్షలోకి వస్తుంది, ఇది మాత్రం పుట్టడమే పది మార్కుల ప్రశ్నగా పుట్టింది. ఆ హాల్లో కూర్చుని రాసినవాళ్ళలో, తర్వాత పెద్ద భౌతికశాస్త్రవేత్త అయిన మాక్స్‌వెల్ ఉన్నాడు, ఇంకొకరితో కలిసి ఆ బహుమతి కూడా తెచ్చుకున్నాడు. సరే, మాక్స్‌వెల్‌కు పెట్టిన ప్రశ్న మాక్స్‌వెల్‌కు పెట్టండి. లాస్ట్ బెంచ్‌లో స్కేలు మర్చిపోయి వచ్చిన నాకెందుకు పెట్టారు?

ఇంటికి వెళ్తే మరో రకం టెన్షన్. మా నాన్న మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమాస్తా. "ఆ ఒక్క సబ్జెక్టు ఏందిరా, అందులో ఏముంటది?" అని అడిగాడు. వంకరగా ఉన్నవాటి వైశాల్యం, కుప్పల ఘనపరిమాణం లాంటివి లెక్కగట్టడం అని చెప్పాను. ఆయన బయట ఆరబోసిన వడ్లకేసి చూసి, "అటూ ఇటూగా మూడొందల బస్తాలుంటయ్" అన్నాడు. మీ జవాబు చివర, ఎంతో తెలియని స్థిరసంఖ్యకు గుర్తుగా, ప్లస్ సీ పెట్టకపోతే మాకు మార్కు కోస్తారే, ఆయన "అటూ ఇటూగా" అన్నదీ అదే కదా. ఆయన దాన్ని ముందే వేసేసుకుంటాడు, ఓనరు ఎప్పుడూ మార్కు కోయలేదు, జీతం నుంచి మాత్రం అప్పుడప్పుడు కోస్తాడు. అది వేరే ఉత్తరం.

ఇక ఆ నాలుగు మార్కులు. డబ్బు కట్టి జవాబు పత్రం కాపీ తెప్పించుకున్నాను. ఐదు మార్కుల బిట్‌లో ఒకటి వేశారు, చుట్టూ ఎర్ర గుండ్రం. ఇ పవర్ మైనస్ ఎక్స్ స్క్వేర్ లెక్క అది. దాన్ని మామూలు ఫంక్షన్లతో ఇంటిగ్రేట్ చేసి రాయడం కుదరదు, 1830ల్లో లియువిల్ అనే గణితవేత్త చేసిన పని ఆ సంగతి తేల్చింది, అంటే ఆ దారి నాకే కాదు ఎవరికీ లేదు. కానీ అదే రకం రెండోదాన్ని, వైతో రాసినదాన్ని, పక్కన పెట్టి గుణించి, ఎక్స్, వైలు వదిలేసి పోలార్‌లోకి, అంటే దూరం ఆర్, కోణం థీటాలతో కొలిచే పద్ధతిలోకి, మారితే సున్నా నుంచి అనంతం దాకా జవాబు పై (π) బై 4 అని చక్కగా వచ్చేస్తుంది, దానికి వర్గమూలం తీస్తే అసలుది. మారేటప్పుడు డీఎక్స్ డీవై స్థానంలో ఆర్ డీఆర్ డీథీటా రాయాలి. నేను డీఆర్ డీథీటా అని రాశాను. ఒక్క ఆర్ మర్చిపోయాను. అది లేకపోతే ఏమవుతుందో తెలుసా, ఎక్కడ లెక్క కదలదని ఇటు వచ్చామో ఆ లెక్కే ఆర్ వేషం వేసుకుని మళ్ళీ ఎదురొస్తుంది. దేవరకొండ బస్సెక్కి నిద్రపోయి లేచేసరికి ఎక్కిన స్టాండ్‌లోనే ఉన్నట్టు. నలభై నిమిషాలు దాన్ని చూశాను, అది నన్ను చూసింది, చివరకు కింద "హెన్స్ ప్రూవ్డ్" అని రాసి గీత కొట్టాను. దిద్దిన వాళ్ళకు ఆ గీత నచ్చినట్టుంది, ఒక మార్కు దానికే అయ్యుంటుంది.

అసలు విషయం చెప్పాలంటే మొన్న రాత్రి ఒకటి జరిగింది, అది చెప్పడానికే ఇంతసేపు తిట్టాను. హాస్టల్ బయట బండి దగ్గర దోశ తింటున్నాను, అన్న పెనం మధ్యలో గరిటెడు పిండి పోసి గుండ్రంగా తిప్పుకుంటూ పోతున్నాడు. మధ్యలో ఒక చుట్టుకు పిండి కొంచెమే పడుతోంది, అంచుకు వచ్చేకొద్దీ అదే ఒక్క చుట్టుకు చాలా పడుతోంది. తిప్పే కోణం అదే, గరిటె వెడల్పు అదే, కేంద్రం నుంచి ఎంత దూరం పోతే ముక్క అంత పెద్దది. దూరం. అంటే ఆర్. నేను ఏడాదిగా ఎవరో పెట్టిన రూలని బట్టీ పడుతున్న అక్షరం పెనం మీద చుట్టు చుట్టుకూ పెద్దదవుతోంది. చట్నీ అడగడం కూడా మర్చిపోయాను. రూముకొచ్చి పాత హాల్ టికెట్ జిరాక్స్ వెనక్కి తిప్పి, ఏ ఇంపార్టెంట్సూ చూడకుండా, మొత్తం లెక్క మొదటినుంచి చేశాను, ఆర్ పెట్టగానే ఎక్స్‌పోనెంట్ తలుపు తీసినట్టు తెరుచుకుంది, పై బై 4 దానంతటదే వచ్చి కూర్చుంది. రెండేళ్ళలో మొదటిసారి మీ ఇంటికి ముందు గుమ్మంలోంచి వచ్చానండీ. లోపల బానే ఉంది.

ఆగలేక రూమ్మేట్‌ను లేపాను. టైం రెండు దాటింది.

"ఒరేయ్, ఆ ఆర్ ఎక్కణ్ణుంచి వస్తదో తెలిసిందిరా."

"ఏ ఆర్?"

"పోలార్‌ది. నాకు నాలుగు మార్కులు పోయిన లెక్క."

"అది పోయినసారి పేపర్‌లో వచ్చింది కదా?"

"అవును."

"అయితే ఈసారి రాదు. పడుకో."

లైటాపేశాడు.

ఇట్లు,
తమ విధేయుడు
(లోపలి పేజీల్లో పేరు గానీ హాల్ టికెట్ నంబరు గానీ రాస్తే మాల్‌ప్రాక్టీస్ కింద బుక్ చేస్తారు కాబట్టి రాయడం లేదు)