ఆడుతున్నది బిడ్డా, బొమ్మా?

రెండేళ్లు నిండని పిల్లలకు తెర వద్దే వద్దని, ఆ తర్వాత నాలుగేళ్ల వాళ్లకైనా రోజుకు గంట దాటనివ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. విశాఖలో చాలామంది తల్లిదండ్రులకు ఇది తెలుసు. అందుకే ఫోన్ లాక్కుని తెర ఉన్న బొమ్మ కొనిస్తున్నారు! జగదాంబలో అడిగినా, గాజువాకలో అడిగినా షాపువాళ్ల మాట ఒకటే: "ఇది ఫోన్ కాదు మేడమ్, చదువు."

ఆ చదువు ఎంవీపీ కాలనీలో మా బంధువులింట్లో చూశాను. పాపకి రెండున్నరేళ్లు. తెర మీద నాలుగు జంతువులు. ఆవు ఏదని బొమ్మ ఇంగ్లిష్‌లో అడిగింది. పాప కుక్కని నొక్కింది, కోడిని నొక్కింది, ఏనుగుని నొక్కింది, ఆఖరికి ఆవు. చప్పట్లు మోగాయి. వరసగా అన్నీ నొక్కితే చప్పట్లొస్తాయని పాపకి బాగా అర్థమైంది. కాసేపటికి బాల్కనీలోంచి రోడ్డు మీద పడుకున్న ఆవుని చూసి "దానికి అమ్మ లేదా?" అంది. ఈ ప్రశ్నకి జవాబు ఏ చిప్‌లో ఎక్కించారు?

పసిపిల్లల కోసమని అమ్మిన 'బేబీ ఐన్‌స్టీన్' వీడియోలు కొన్నవాళ్లకు 2009లో డిస్నీ డబ్బు వాపసు ఇస్తామనాల్సి వచ్చింది. అవి చదువు నేర్పుతాయన్న ప్రచారం మీదే గొడవంతా. ఇప్పుడు బటన్లు తగిలించి మళ్లీ అదే మాట చెబుతున్నారు.

మనకి దగ్గర్లోనే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రతో చేసే అక్కడి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కర్ర బండికి హారన్ ఉండదు కాబట్టి పిల్లాడే కొట్టాలి. డ్రైవరూ వాడే, ప్యాసింజరూ వాడే, టికెట్‌కి చిల్లర లేదని కసురుకునేదీ వాడే. ఆట అంటే అదీ.

ఇద్దరూ ఉద్యోగస్తులు, పెద్దవాళ్లు ఊళ్లో ఉంటారు, కుక్కర్ దించేదాకా పిల్లని ఎవరు చూస్తారంటారు తల్లిదండ్రులు. నిజమే, ఆ ఇరవై నిమిషాలకి ఎవరినీ తప్పుపట్టను. సాయంత్రమంతా ఆ తెర బొమ్మే మోగుతుంటేనే నా బాధ.

అయినా ఈ ఊళ్లో పిల్లలు ఆడుకునే చోటేది? సెల్లార్‌లో కార్లు, టెర్రస్‌కి తాళం. పార్కులో పరిగెడితే వాకింగ్‌కి వచ్చినవాళ్లు కసురుతారు. ఇంత సముద్రం పక్కనుండి కూడా ఇసుకలో ఆట ఆదివారం ముచ్చటైపోయింది. కాలనీకో ఇసుక గుంట, రెండు ఉయ్యాలలు, నాలుగు చెట్లు పెట్టడం మన నగరపాలక సంస్థ జీవీఎంసీకి అంత భారమా? వార్డులో ఓటడగడానికి వచ్చేవాళ్లని రోడ్ల కంటే ముందు ఇదే అడగాలి.