అక్సుమ్ నాణెం మీద శిలువ ఎవరి కోసం?

ప్రాచీన ఆఫ్రికా అనగానే మన పాఠ్యపుస్తకాలు పిరమిడ్లు చూపిస్తాయి. అక్కడి నుంచి ఒకే గంతులో బానిసల ఓడల దగ్గర దిగుతాయి. మధ్యలో వేల ఏళ్లు ఏమైపోయాయని ఏ పిల్లవాడూ అడగడు, ఏ మాస్టారూ చెప్పడు. అక్సుమ్ ఉన్నది ఆ మధ్యలోనే. ఇప్పటి ఉత్తర ఇథియోపియా, ఎరిత్రియాలను ఏలిన రాజ్యమది. మూడో శతాబ్దపు మతప్రవక్త మానీ చెప్పిన నాలుగు మహారాజ్యాల వరసలో రోమ్, పర్షియా, చైనాల సరసన దాని పేరుంది.

నాలుగో శతాబ్దంలో ఎజానా రాజు క్రైస్తవుడైన కథ చాలామందికి తెలుసు. టైర్ నగరం నుంచి ఓడలో వచ్చిన ఫ్రుమెంటియస్ అనే కుర్రాడు దాడిలో బతికి బయటపడ్డాడు, రాజు కొలువులో పెరిగాడు, అలెగ్జాండ్రియా బిషప్ అథనేసియస్ చేతుల మీదుగా తానే బిషప్ అయ్యాడు. భక్తి కథగా బాగానే ఉంది. కానీ ఈ కథను మనకు అందించిన చర్చి చరిత్రకారుడు రుఫినస్ మరో ముక్క కూడా రాశాడు. కొలువులో పలుకుబడి రాగానే ఫ్రుమెంటియస్ అక్కడి రోమన్ వర్తకుల్లో క్రైస్తవులెవరో వెతికి పట్టుకున్నాడు, ప్రార్థనా స్థలాలు ఏర్పాటు చేసుకొమ్మని ప్రోత్సహించాడు. రాజు మనసులోకి రాకముందే ఆ మతం రేవులో దిగిందన్నమాట.

ఆ రేవు పేరు అదూలిస్. ఒకటో శతాబ్దపు గ్రీకు నౌకా మార్గదర్శిని పెరిప్లస్ లెక్కన అక్కడి నుంచి అక్సుమ్‌కు ఎనిమిది రోజుల ప్రయాణం. ఏనుగు దంతాలు, ఖడ్గమృగం కొమ్ములు, తాబేటి చిప్పలు బయటికి పోయేవి. మన దేశపు పడమటి తీరం నుంచి ఇనుము, ఉక్కు, నూలు బట్ట వచ్చేవి. (కృష్ణా తీరపు మసాలియా సన్నబట్టల ప్రస్తావన కూడా అదే పుస్తకంలో ఉంది. బందరు వాళ్లు కాస్త మీసం మెలేయొచ్చు.) దారిలో సొకోత్రా దీవిలోని హోక్ గుహ గోడల మీద భారతీయ నావికులు బ్రాహ్మీ లిపిలో గీసిన పేర్లు నేటికీ ఉన్నాయి.

బంగారం సంగతి ఇంకా విచిత్రం. ఆరో శతాబ్దపు వర్తకుడు కాస్మాస్ వర్ణించిన బేరం చూడండి. అక్సుమ్ రాజు ఏడాది విడిచి ఏడాది ససు అనే దూర ప్రాంతానికి మనుషుల్ని పంపేవాడు. వాళ్లతో కలిసి అయిదు వందల మందికి పైగా వర్తకులు ఎద్దులు, ఉప్పు, ఇనుము తోలుకుని బయల్దేరేవారు. అక్కడికి చేరాక ముళ్లకంచె వేసి, ఎద్దుల్ని కోసి, మాంసం ముక్కలూ ఉప్పూ ఇనుమూ కంచె మీద పెట్టేవారు. స్థానికులు వచ్చి తమకు నచ్చినదాని మీద బంగారపు గుళికలు ఉంచి పక్కకు తప్పుకునేవారు. సరుకు యజమానికి గిట్టుబాటైతే బంగారం తీసుకుంటాడు, లేదంటే ముట్టుకోడు. అప్పుడు వాళ్లు ఇంకాస్త కలుపుతారు, లేదా తమది తాము తీసుకుని పోతారు. ఒకరి భాష ఒకరికి రాదు. ఒక్క మాటైనా లేకుండా బేరం కుదిరిపోయేది.

ఇంత తెలివిగా బేరం నడిపిన రాజ్యం మతాన్ని మాత్రం అమాయకంగా అందుకుందంటే నేను నమ్మను. ఎజానా తొలి నాణేల మీద పాత దేవతల గుర్తు ఉంది: నెలవంక, బిళ్ల. తర్వాతి వాటి మీద ఆ చోటికి శిలువ వచ్చింది. ఒకటీ అరా మినహాయిస్తే బంగారు నాణేల మీద ఉన్నది గ్రీకు. ఆ బంగారం సముద్రం దాటే డబ్బు, దాన్ని చదివేది రోమన్ వర్తకుడు. శాసనాల్లోనూ ఇదే తంతు. నూబా జనం మీద చేసిన దండయాత్ర గురించి తమ సొంత గీజ్ భాషలో చెక్కించినప్పుడు ఎజానా 'స్వర్గాధిపతి' అని ఊరుకున్నాడు. పాత దేవుణ్ణి కొలిచేవాడికి కూడా ఆ మాట మింగుడు పడుతుంది. గ్రీకులో మాత్రం తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అని విడమరిచి చెప్పాడు. ఇంట్లో ఒక మాట, అంగట్లో ఒక మాట. దీన్ని కపటమనను, రాజనీతి అంటాను.

దీనికి గట్టి ఆక్షేపణే ఉంది. రోమ్ ప్రాపకం కోసమే మతం మారితే, ఫ్రుమెంటియస్‌ను వెనక్కి పంపమని, అథనేసియస్ అంటే పడని రోమన్ చక్రవర్తి రెండో కాన్‌స్టాంటియస్ 356 ప్రాంతంలో స్వయంగా లేఖ రాసినప్పుడు పంపి ఉండాలి కదా? పంపిన దాఖలా లేదు. నిజమే. అయితే అక్సుమ్ సరుకు మధ్యధరా చేరేది అలెగ్జాండ్రియా మీదుగా. చక్రవర్తి మాట పక్కన పెట్టినవాళ్లు అలెగ్జాండ్రియాతో తెంచుకోలేదు. ఇథియోపియా చర్చికి అధిపతిని అక్కడి పీఠమే పంపే ఆనవాయితీ 20వ శతాబ్దం దాకా సాగింది. సొంత పాట్రియార్క్ (చర్చి అధిపతి) వచ్చింది 1959లో!

రోమన్లు కూడా ఇదే భాష మాట్లాడారు. మనమంతా ఒకే మతం వాళ్లం, భారతీయుల దగ్గర పట్టు కొని మాకు అమ్మండి, పర్షియాకు డబ్బు పోకుండా చూడండి అని చక్రవర్తి జస్టీనియన్ ఆరో శతాబ్దంలో అక్సుమ్‌ను ఏలుతున్న కాలెబ్ రాజుకు కబురు పెట్టాడు. పని జరగలేదు. భారతీయ ఓడలు ఆగే రేవుల్లో పర్షియన్ వర్తకులు ముందే తిష్ఠ వేసి సరుకంతా కొనేసేవారని ఆనాటి చరిత్రకారుడు ప్రొకోపియస్ రాశాడు. మతం పరిచయం చేయించగలదు, సరుకు ఇప్పించలేదు.

మరి ఏడో శతాబ్దానికి ఎర్ర సముద్రపు వర్తకం చేజారి, అదూలిస్ పాడుబడ్డాక ఆ మతం ఎందుకు మిగిలింది? నా దృష్టిలో కారణం భాష. బైబిల్‌ను గీజ్‌లోకి తెచ్చుకున్నారు. అంతకంటే ముందు, దాదాపు ఎజానా కాలంలోనే, హల్లులు మాత్రమే రాసే పాత లిపికి అచ్చు గుర్తులు తగిలించి ఒక్కో అక్షరానికి ఏడు రూపాలు చేశారు. హ, హు, హి, హా, హే... మన గుణింతం వల్లె వేసినవాడికి ఈ వరస చెవికి కొత్తగా ఉండదు. మన లిపి లాంటి లిపులకు భాషాశాస్త్రజ్ఞులు వాడే 'అబుగిడా' అనే మాట పుట్టింది కూడా ఇథియోపియా అక్షరాల నుంచే. ఎల్‌కేజీ నుంచే పిల్లల నోట్లో ఇంగ్లిష్ కుక్కి, గుణింతం రాకపోతే ఏమైంది అనే తల్లిదండ్రులు ఈ ముక్క కాస్త గుర్తుంచుకోవాలి. ఎగుమతి భాష అక్సుమ్‌కూ ఉండేది. దాన్ని చివరికి బంగారం వరకే ఉంచారు.

చిల్లర మీద మొదట్లో గ్రీకే ఉండేది. 'ఇది దేశానికి నచ్చుగాక' అని ఒక రాగి నాణెం మీద, ఆ దేశంలో ఎక్కువమంది చదవలేని భాషలో వేశారు! తర్వాత్తర్వాత రాగి మీదికీ వెండి మీదికీ గీజ్ దిగింది. బంగారం మీది గ్రీకు మాత్రం పోను పోను అక్షరాలు తారుమారై, అచ్చు వేసేవాడికే అర్థం కాని గీతలైంది. ఆ నాణేలు అంతటితో ఆగిపోయాయి. చివరి రాజుల్లో ఒకడైన అర్మా కంచు నాణెం మీద ఉన్నది గీజే: 'ప్రజలకు సంతోషం కలుగుగాక.'