స్టీరింగు పెట్టెకు బహిరంగ క్షమాపణ

మా షెడ్డులో ఉన్న 1948 నాటి ఎంజీ టీసీ కారు తిన్నగా ఎందుకు వెళ్లడం లేదో తేల్చడానికి నన్ను నేనే ఏకసభ్య కమిషన్‌గా నియమించుకుని ఏడాది దాటింది. మూడు నెలల్లో నివేదిక ఇవ్వాలని గడువు పెట్టుకున్నాను. మూడుసార్లు పొడిగించుకున్నాను. గడువులోపల నివేదిక ఇచ్చేస్తే అది కమిషన్ అని ఎవరూ నమ్మరు కదా. మొత్తానికి నివేదిక సిద్ధమైంది. మొదటి పేజీలో ఉన్నది క్షమాపణ. అది స్టీరింగు పెట్టెకు, అంటే మనం తిప్పిన తిప్పును ముందు చక్రాలకు అందించే పెట్టెకు.

ముందు బండి గురించి చెప్పాలి. మా పెదనాన్నగారు పోతూ పోతూ పొలాలు ఆయన కొడుకులకు, ఈ బండి నాకు రాసిపోయారు. ఆయనకు నా మీద ప్రేమ అనుకున్నాను. మా పెద్దమ్మ ముసిముసిగా ఎందుకు నవ్విందో స్టీరింగు పట్టుకున్నాక అర్థమైంది. ఇంగ్లండులో ఆబింగ్డన్ అనే ఊళ్లో 1945 నుంచి 1949 దాకా ఇలాంటివి దాదాపు పదివేలు తయారయ్యాయి. రెండే సీట్లు, 1250 సీసీ ఇంజను, చెక్క ఫ్రేము మీద రేకు బాడీ, సైకిలు చక్రాల్లా ఊచలున్న 19 అంగుళాల చక్రాలు. అమెరికా వాళ్లు ముచ్చటపడి కొనుక్కున్నా వాళ్ల కోసం ఎడమవైపు స్టీరింగు పెట్టలేదు. అన్నీ కుడివైపువే. ఆ విషయంలో మాత్రం మన విశాఖకు అచ్చంగా సరిపోయిన బండి.

సరిపోనిది ఉప్పుగాలి. అందుకని ఏడాది పొడుగునా టార్పాలిన్ కిందే ఉంచుతాను. సింహాద్రి అప్పన్న ఏడాదంతా చందనంలో ఉండి ఒక్కరోజు నిజరూపం చూపిస్తాడు. మా బండిదీ అదే పద్ధతి. తేడా ఏమిటంటే అప్పన్న దర్శనానికి జనం ఎదురొస్తారు, మా బండి నిజరూపం చూసి జనం పక్కకు తప్పుకుంటారు.

ఎందుకు తప్పుకోరు? ఆర్కే బీచి నుంచి భీమిలి వైపు బయల్దేరామనుకోండి. కుడిచేతి వైపు సముద్రం, కాస్త ముందుకెళ్తే ఎడమచేతి వైపు కైలాసగిరి. నేను భీమిలి వెళ్దామంటాను. బండి ఒకసారి స్నానానికి వెళ్దామంటుంది, ఒకసారి కొండెక్కుదామంటుంది. 2002 నుంచి ఒడ్డున మ్యూజియంగా నిలబెట్టిన కురుసుర జలాంతర్గామి ఇన్నేళ్లలో ఒక్క అంగుళం పక్కకు జరగలేదు. దాని ఎదురుగా టీయూ-142 విమానమూ కదల్లేదు. ఆ రెండిటి మధ్య ఎటు వెళ్తోందో తెలియని వాహనం నాదొక్కటే.

స్టీరింగు చక్రాన్ని బెత్తెడు తిప్పితే గానీ ముందు చక్రాలకు కబురు అందేది కాదు. మెకానిక్కులు దాన్ని 'ప్లే' అంటారు. అంటే ఆట. ఆట దానిది, ప్రాణసంకటం నాది. పైగా ఈ బండి స్టీరింగు మహా చురుకు. ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పడానికి రెండు చుట్లు కూడా పట్టదు. అంత పొదుపు స్టీరింగులో బెత్తెడు దండగ పోతే ఇంకేం మిగుల్తుంది? పైగా ఆ బెత్తెడు దాటగానే చక్రాలు ఒక్కసారిగా తిరుగుతాయి. చాలాసేపు పలకని మనిషి చటుక్కున అరిచినట్టు.

సాక్షుల విచారణ మా తోడల్లుడితో మొదలైంది. ఆయన రిటైర్డు ఇంజనీరు. సివిల్. "అన్నగారూ, ఇది కచ్చితంగా స్టీరింగు బాక్సే. బిగించేయండి" అన్నాడు. బండిని చూడకుండా, టీ కప్పు కింద పెట్టకుండా చెప్పాడు. పక్కింటి మాస్టారు బాక్సు మొత్తం మార్చేసి పవర్ స్టీరింగు పెట్టించమన్నారు. మేనల్లుడు "మావయ్యా, అమ్మేసి ఎలక్ట్రిక్ కొను" అన్నాడు. షెడ్డు తలుపు నైరుతికి ఉండటం వల్లే బండి దిక్కు తప్పుతోందని ఒకాయన చెప్పారు. దాన్ని కూడా రికార్డు చేశాం.

మా ఆవిడ కూడా ఒక ముక్క అంది. "సైకిలుకైనా ముందు గాలి చూస్తారు కదండీ" అని. ఆమె సాంకేతిక నిపుణురాలు కాదు గనక ఆ వాంగ్మూలాన్ని కమిషన్ పరిగణనలోకి తీసుకోలేదు.

సాక్షుల్లో అత్యధికులు బాక్సు వైపే వేలు చూపించారు గనక దానికి శిక్ష అమలు చేశాం. మెజారిటీ అంటే మెజారిటీయే. ఊళ్లో ఎక్కడ కాలువ పొంగినా పైనున్న ఆఫీసరును బదిలీ చేయడం మనకు అలవాటు. పూడిక తీయాల్సినవాడు ఎవడు, చెత్త వేసినవాడు ఎవడు అని చూస్తూ కూర్చుంటే సాయంత్రం వార్తలకు అందదు. స్టీరింగు బాక్సూ అలాంటి ఆఫీసరే. చక్రానికి దగ్గరగా, కంటికి కనిపించేలా, తప్పించుకోలేని చోట ఉంటుంది.

ఆ పెట్టె లోపల ఏముందో ఆనక తెలుసుకున్నాను. అది బిషప్ కామ్ రకం. స్టీరింగు కడ్డీ చివర మెలికలు తిరిగిన గాడి ఉంటుంది. ఆ గాడిలో ఒక మేకు కూర్చుంటుంది. కడ్డీ తిరిగితే మేకు గాడి వెంట జరుగుతుంది, దానికి తగిలించిన చెయ్యి చక్రాలను తిప్పుతుంది. పైమూత కింద పల్చటి రేకులు ఉంటాయి, షిమ్ములంటారు. ఒక షిమ్ము తీస్తే మూత కిందికి దిగి మేకును గాడిలోకి ఇంకాస్త నొక్కుతుంది. చూడ్డానికి ఎంత సులువు! మా మొదటి మెకానిక్ ఒక షిమ్ము తీశాడు. బాగున్నట్టే అనిపించింది. వారానికి మళ్లీ మొదలు. రెండోవాడు ఇంకోటి తీశాడు. అలా నాలుగుసార్లు, నలుగురు మెకానిక్కులు. ప్రతివాడూ తనకు ముందు చేసినవాడికి పని రాదన్నాడు. ఆ ఒక్క విషయంలో నలుగురూ కరెక్టే.

గుడి మెట్టు మధ్యలోనే అరుగుతుంది, అంచుల్లో అరగదు. ఆ గాడీ అంతే. బండి బతుకంతా ఎక్కువగా తిన్నగానే నడుస్తుంది గనక మేకు మధ్యలోనే తిరుగుతూ అక్కడే గాడిని తినేస్తుంది. అంచుల్లో గాడి కొత్తగానే ఉంటుంది. మధ్యలో ఆట పోయేదాకా బిగిస్తే అంచుల్లో మేకు పట్టేస్తుంది. ఈ జ్ఞానం నాకు కైలాసగిరి ఘాట్ రోడ్డు మలుపులో కలిగింది. స్టీరింగు తిప్పాను, మలుపు అయిపోయింది, చక్రం మాత్రం తిప్పిన చోటే ఉండిపోయింది. మామూలుగా బండి తనంతట తానే తిన్నగా రావాలి. నేను రెండు చేతులా లాగితే వచ్చింది. అంతకుముందు వదులుగా ఉండి వినేది కాదు, ఇప్పుడు బిగుసుకుపోయి వినడం లేదు. అభివృద్ధి అంటే ఇదే కాబోలనుకున్నాను.

అప్పుడు ఆధునిక విజ్ఞానాన్ని ఆశ్రయించాం. అద్దాల గదీ, ఏసీ, కంప్యూటరూ ఉన్న వీల్ అలైన్‌మెంటు దుకాణం. కుర్రాడు ఎంజీ అని కొట్టి జాబితాలో టీసీ కోసం వెతికాడు. లేదు. "హెక్టర్ ఉంది సార్, అదే పెట్టేద్దామా? కంపెనీ ఒకటే కదా" అన్నాడు. 2019లో మన దేశంలోకి వచ్చిన బండి లెక్కలు 1948 బండికి వేయడమంటే ముత్తాతకు మునిమనవడి చొక్కా తొడగడం. పైగా దీనికి ముందు చక్రాల మధ్య ఒకటే నిండు ఇనప ఇరుసు, కొత్త బండ్లలా ఒక్కో చక్రాన్నీ విడిగా వంచి సరిచేసే ఏర్పాటు ఉండదు. రెండు ముందు చక్రాలనూ కలిపే టై రాడ్ అనే కడ్డీ దగ్గర చక్రాల ముందు కొసల దూరం మార్చుకోవచ్చు, అంతే. దానికి నూలు దారం చాలు. కుర్రాడు ఆకుపచ్చ గీతలున్న కాగితం ప్రింటు తీసి ఇచ్చాడు. ఆ కాగితం ప్రకారం నా బండి తిన్నగా వెళ్తోంది. ఫైల్లో జతచేశాను.

చివరికి గాజువాక ఆటోనగర్‌లో ఒక ముసలి మేస్త్రి దగ్గరికి చేరాం. అక్కడికి చేరేదాకా బండి ఎన్ని లారీలకు నమస్కారం పెట్టిందో చెప్పను. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, ముందు టైరును కాలితో నొక్కి చూసి అడిగిన మొదటి ప్రశ్న: "ముందు గాలెంతుందో సూసినారేటి బాబూ?"

ఒక ముందు టైరులో 36. రెండోదాంట్లో 18. ఉండాల్సింది రెండిట్లోనూ ఇరవైల్లో ఎక్కడో. వెనక కూర్చున్న మా ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. ఈ బండికి కిటికీలు లేవు, వెనక సీటూ లేదు. అంటే నా పక్కనే కూర్చుని చూసింది. ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

గాలి సరిచేశాక ఆయన నన్ను డ్రైవింగు సీట్లో కూర్చోబెట్టి, స్టీరింగును ఇటు బెత్తెడు అటు బెత్తెడు ఆడిస్తూ ఉండమన్నాడు. కమిషన్‌కు ఇన్నాళ్లకు తగిన పని దొరికింది. ఆయన కిందికి దూరి ఒక్కో కీలు మీద చెయ్యేసి చూశాడు. కదలిక ఎక్కడిదాకా వస్తోంది, ఎక్కడ ఆగిపోతోంది అని. కంప్యూటరు లేదు, టార్చిలైటు కూడా లేదు. తర్వాత జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. కాస్త ఊగింది. "బ్రేకు తొక్కండి బాబూ" అన్నాడు. తొక్కాను. అయినా ఊగింది. బ్రేకు తొక్కినప్పుడు ఊపు ఆగిపోతే తప్పు బేరింగుదట, ఆగకపోతే కింగ్ పిన్ను బుష్షులదట, అంటే ముందు చక్రం పక్కకు తిరిగే ఇరుసు కొస మేకు చుట్టూ ఉండే తొడుగులది. ఇంత చిన్న పరీక్ష నలుగురు మెకానిక్కుల్లో ఒక్కడికీ ఎందుకు తట్టలేదంటే, నేను వాళ్ల దగ్గరికి వెళ్తూనే "బాక్సు బిగించండి" అని చెప్పడం వల్ల. ఈ వాక్యం నివేదిక అనుబంధంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

అసలు నేరస్థుడు ఆ తర్వాత దొరికాడు. మేస్త్రి నన్ను ఇంకోసారి స్టీరింగు ఆడించమని, చాసిస్ అనే అడుగు చట్రం వైపు చూపించాడు. బాక్సు మొత్తం, పెట్టె పెట్టెగా, తన బ్రాకెట్టుతో సహా ఊగుతోంది. బ్రాకెట్టును చాసిస్‌కు పట్టి ఉంచాల్సిన బోల్టులు వదులు. లోపలి మేకును నాలుగుసార్లు బిగించిన వాళ్లెవరూ ఆ పెట్టెను బండికి బిగించలేదు! కుర్చీ కాళ్లు విరిగిపోయి ఉంటే అందులో కూర్చున్నవాడిని తిన్నగా ఉండమని నాలుగుసార్లు మందలించాం.

కమాను కట్టలను, అంటే బండి బరువు మోసే స్ప్రింగు పట్టీలను, ఇరుసుకు పట్టే యూ బోల్టులు కూడా వదులే. వెనక కొసల దగ్గర కమాను జరిగే చోట అరుగుదల ఉంది. ఆయన ఇంకో సంగతి చెప్పాడు. సైకిలు చేతులు వదిలినా తిన్నగా వెళ్లడానికి ముందు ఫోర్కు వెనక్కి వాలి ఉండటం కూడా ఒక కారణం. ఈ ఇరుసుకూ అలాంటి వాలే ఉండాలి. కమానులు ఏళ్ల తరబడి కూర్చుండిపోతే ఆ వాలు మారిపోతుంది. అందుకే లేత్ దగ్గర కొత్త బుష్షులు చేయించి, కమానులు విప్పి సాపు చేయించి, బ్రాకెట్టు బోల్టులూ, యూ బోల్టులూ బిగించాక గానీ ఆయన బాక్సు మీద చెయ్యి వేయలేదు. వేశాక చేసిన పని, తీసేసిన షిమ్ముల్లో రెండు తిరిగి పెట్టడం. అంటే వదులు చేయడం! చక్రాలను తిన్నగా నిలబెట్టి, మధ్యలో పిసరంత ఆట వదిలేశాడు. "ఈపాటి ఉండాల బాబూ, లేపోతే బతకదు" అన్నాడు.

కాబట్టి ఆ పెట్టెకు ఇందుమూలంగా బహిరంగ క్షమాపణ చెబుతున్నాను. అది పూర్తిగా నిర్దోషి అనను, 1948 నుంచి పనిచేస్తోంది, మధ్యలో అరిగింది. మనలో ఎవరం అరగలేదు? కానీ చక్రాల్లో గాలికీ, కింగ్ పిన్ను బుష్షుకూ, బ్రాకెట్టు బోల్టుకూ, యూ బోల్టుకూ పడాల్సిన శిక్ష నాలుగు విడతలుగా అదొక్కటే అనుభవించింది.

మొన్న ఆదివారం భీమిలి దాకా వెళ్లొచ్చాం. బండి తిన్నగా వెళ్లింది. అలవాటు తప్పడం వల్ల నేనే ఉత్తపుణ్యానికి స్టీరింగు ఇటూ అటూ తిప్పుతుంటే మా ఆవిడ "ఇంకా ఎందుకు తిప్పుతున్నారు?" అంది. ఒకటే నష్టం. ఇదివరకు నా బండి వంకరలు చూసి ఆటోలు పది గజాల దూరంలో ఉండేవి. ఇప్పుడు భయం పోయి ముందుకొచ్చి కోసేస్తున్నాయి. అలా ఒకటి రుషికొండ దగ్గర అడ్డం వస్తే గట్టిగా బ్రేకు తొక్కాను. బండి ఆగింది గానీ కాస్త ఎడమకు లాగింది.

సాయంత్రం మా తోడల్లుడు వచ్చాడు. టీ కప్పు కింద పెట్టకుండానే చెప్పాడు: "అన్నగారూ, ఇది కచ్చితంగా బ్రేకు మాస్టర్ సిలిండరే. మార్చేయండి."

కమిషన్ గడువు ఆరు నెలలు పొడిగించాం. ఈసారి మొదటి సాక్షిగా మా ఆవిడకు సమన్లు పంపాను. ఇంకా హాజరు కాలేదు.